ఉసురు తగిలిన ఇంట్లో ఒక పూట

అమెరికాలోని సేలంలో హౌస్ ఆఫ్ ది సెవెన్ గేబుల్స్ అనే పాత ఇల్లు చూడబోయే పెద్దవాళ్లకు ముందుగా మోకాళ్ల సంగతి చెప్పాలి. ఆ ఇంటి భోజనాల గదిలో, పొయ్యి పక్కన, కట్టెలు పెట్టుకునే అలమర లాంటిది ఉంది. దాని వెనక పలక తీస్తే సన్నటి మెట్లదారి బయటపడుతుంది. ఇటుకల పొగగొట్టాన్ని చుట్టుకుంటూ పైకి పోతుంది. నేరుగా నిలబడితే నా రెండు భుజాలూ పట్టలేదు. పక్కకు తిరిగి, ఎడమ చెయ్యి ఇటుకల మీద, కుడి చెయ్యి చెక్క మీద ఆనించి ఎక్కాను. మెట్టు ఒక పక్క వెడల్పు, పొగగొట్టం వైపు బొటనవేలు ఆనేంత. చల్లటి ఇటుక, పాత చెక్క కలిసిన వాసన. ముందు వెళ్తున్న మా మనవరాలు "అమ్మమ్మా, తల వంచు, ఇక్కడ తల వంచు" అంటూ దారి చెబుతోంది. పై గదిలో అడుగు పెట్టేసరికి గుండె దడదడలాడింది. అది ఆయాసమా, భయమా అని ఇప్పటికీ తేల్చుకోలేదు. ఎక్కలేనివాళ్లు ఈ మెట్లు మానుకోవచ్చు, బలవంతం లేదు. ఓపిక ఉంటే మాత్రం ఎక్కండి.

నేను వరంగల్‌లో ఎం.ఎ. ఇంగ్లీష్ పిల్లలకు అమెరికన్ సాహిత్యం చెప్పి రిటైరయ్యాను. నథానియల్ హాథార్న్ ప్రతి ఏడాదీ సిలబస్‌లో ఉండేవాడు. ఆయన కథల్లో వచ్చే ఆ చెక్క ఇళ్లు, ఆ చీకటి అడవులు, ఆ సముద్రం నేనెప్పుడూ చూసింది లేదు. లైబ్రరీ పుస్తకంలో ఒక నలుపు తెలుపు ఫొటో ఉండేది, అదే చూపించేదాన్ని. అందుకే బోస్టన్ దగ్గర ఉండే మా అమ్మాయి "అమ్మా, ఈసారి ఎక్కడికి వెళ్దాం?" అని అడిగితే క్షణం కూడా ఆలోచించకుండా హాథార్న్ పుట్టిన ఊరు సేలం అన్నాను.

బోస్టన్ నార్త్ స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కితే అరగంటలో సేలం. స్టేషన్ నుంచి ఇంటికి మెల్లగా నడిచినా అరగంట పట్టదు. మేం నవంబర్‌లో వెళ్లాం, అది మంచిదైంది. అక్టోబర్‌లో హాలోవీన్ కోసం లక్షల మంది వస్తారు, అడుగు పెట్టడానికి చోటుండదు. నవంబర్‌లో చెట్లకు ఆకుల్లేవు, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతోంది, సముద్రం మీంచి చలిగాలి. ఈ సాహిత్యం పుట్టిన వాతావరణం ఇదేనని ఒంటికి తెలిసింది. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, పర్యటన గైడ్‌తోనే, టైమ్ ప్రకారం జరుగుతుంది.

ఇల్లు నల్లగా ఉంది. ఓడ వ్యాపారి జాన్ టర్నర్ 1668లో కట్టించాడు. గేబుల్ అంటే కప్పు రెండు వైపులా వాలినప్పుడు చివర త్రికోణంలా నిలబడే గోడ. అలాంటివి ఏడు ఉన్నాయి కాబట్టి ఆ పేరు. టర్నర్ల మూడో తరంలో ఆస్తి కరిగిపోయింది, 1782లో ఇల్లు కెప్టెన్ శామ్యూల్ ఇంగర్సాల్ చేతికి వచ్చింది. ఆయన కూతురు సుసానా, మన రచయిత హాథార్న్‌కి వరసకు అక్క. ఆమెను చూడ్డానికి హాథార్న్ ఈ ఇంటికి వచ్చిపోయేవాడు. అప్పటికి ఇంటికి మిగిలినవి మూడే గేబుల్స్. ఒకప్పుడు ఏడు ఉండేవని ఆమె చెప్పింది. 1851లో ఆ పేరుతోనే నవల వచ్చింది.

1908లో కరొలైన్ ఎమర్టన్ అనే ఆవిడ ఈ ఇల్లు కొని, జోసెఫ్ చాండ్లర్ అనే ఆర్కిటెక్ట్‌తో పోయిన గేబుల్స్ తిరిగి పెట్టించింది. నవలలో హెప్జిబా అనే ముసలావిడ బతుకుతెరువు కోసం ఇంటి ముందు గదిలో చిన్న కొట్టు తెరుస్తుంది. ఎమర్టన్ ఆ కొట్టునూ కట్టించింది. నేను ఆయాసపడుతూ ఎక్కిన ఆ రహస్యపు మెట్లు కూడా అప్పుడు కట్టించినవే, పదిహేడో శతాబ్దానివి కావు. మా గైడ్ ఈ సంగతి దాచలేదు, మెట్లెక్కి రాగానే చెప్పేసింది. నా పక్కనున్న ఒకాయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. ఇల్లు చూసి కథ రాస్తారు. ఇక్కడ కథ చదివి ఇల్లు కట్టారు! టికెట్ల డబ్బుతో వలస వచ్చినవాళ్లకు చదువు, పని నేర్పించాలని ఎమర్టన్ ఆలోచన. 1910లో మ్యూజియం తెరిచింది. వలస కుటుంబాలకు సాయం ఇప్పటికీ నడుస్తోంది. వలస వెళ్లిన కూతురి ఇంటికి వచ్చిన తల్లిగా ఆ మాట దగ్గర కాసేపు ఆగిపోయాను.

ఇక నవల. కల్నల్ పిన్చన్ అనే పెద్దమనిషి కన్ను మాథ్యూ మౌల్ అనే బీదవాడి జాగా మీద పడుతుంది. అందులో తియ్యటి నీటి ఊట ఉంది. మౌల్ మంత్రగాడని ఊళ్లో పుకారు లేస్తుంది, ఉరి తీయించడంలో పిన్చన్ ముందు నిలబడతాడు. ఉరికంబం మీంచి మౌల్ "దేవుడు వీడి చేత నెత్తురు తాగిస్తాడు" అంటాడు. ఆ జాగాలోనే పిన్చన్ ఏడు గేబుల్స్ ఇల్లు కట్టి, గృహప్రవేశం రోజున కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చి ఉంటాడు, గడ్డం మీద నెత్తురు. తరాల తరవాత అదే వంశంలో జడ్జి జాఫ్రీ అదే కుర్చీలో అలాగే పోతాడు.

మొదటి సంవత్సరాల్లో నేను దీన్ని 'హెరెడిటరీ గిల్ట్' అని బోర్డు మీద రాసి వివరించేదాన్ని. పిల్లలు రాసుకునేవాళ్లు, మొహాల్లో వెలుగు ఉండేది కాదు. ఒక రోజు విసుగొచ్చి "అరే, మౌల్ ఉసురు తగిలిందిరా ఆ ఇంటికి" అన్నాను. క్లాసంతా ఒక్కసారి తలెత్తింది. ఆ తరవాత ఇంకేం వివరించక్కర్లేకపోయింది. ఏడిపించినవాడికి ఏడ్చినవాడి ఉసురు తగులుతుందనీ, తాత తిన్న సొమ్ము మనవడి గొంతులో అడ్డం పడుతుందనీ మన పిల్లలకు ఎవరు నేర్పాలి?

హాథార్న్ ఆ శాపాన్ని ఊహించి రాయలేదు. 1692 జులై 19న సేలంలో మంత్రగత్తె అన్న నేరం మీద సారా గుడ్ అనే బిచ్చగత్తెను ఉరితీస్తుంటే, ఒప్పుకొమ్మని పాదిరి నికొలస్ నోయ్స్ వేధించాడు. "నువ్వు మాంత్రికుడివన్నది ఎంత నిజమో నేను మంత్రగత్తెనన్నదీ అంతే నిజం. నా ప్రాణం తీస్తే దేవుడు నీ చేత నెత్తురు తాగిస్తాడు" అని ఆమె తిప్పికొట్టింది. నాలుగైదేళ్ల ఆమె కూతుర్ని కూడా సంకెళ్లు వేసి జైల్లో పెట్టారు. ఆ ఏడాది నడిచిన మంత్రగత్తెల కేసుల్లో నిందితులను నిలదీసి ప్రశ్నించిన న్యాయాధికారుల్లో జాన్ హాథార్న్ ఒకడు. ఆయన మన రచయిత ముత్తాతకు తండ్రి. ఇంటిపేరు స్పెల్లింగ్‌లో ఒక అక్షరం చేర్చుకుని రచయిత తన పేరు మార్చుకున్నాడు. 1850లో వచ్చిన స్కార్లెట్ లెటర్ ముందుమాటలో, తన పెద్దలు చేసినదానికి సిగ్గు తన మీద వేసుకుంటున్నానని బాహాటంగా రాశాడు.

అమెరికా తొలి భయానక సాహిత్యం దయ్యాల నుంచి పుట్టలేదు, పాపభీతి నుంచి పుట్టింది అని నేను క్లాసులో చెప్పేదాన్ని. ఈ ఇల్లు చూశాక ఇంకా గట్టిగా చెప్పగలను. యూరప్ గోథిక్ కథలకు, అంటే అక్కడి భయానక కథలకు, పాడుబడ్డ కోటలూ, మఠాలూ, సొరంగాలూ ఉన్నాయి. ఇక్కడికి వచ్చిన ప్యూరిటన్లకు, అంటే మతం విషయంలో చాలా కఠినంగా ఉండే ప్రొటెస్టంట్ క్రైస్తవులకు, కోటల్లేవు. ఉన్నవి చెక్క ఇళ్లు, ప్రార్థన మందిరం, చుట్టూ అడవి. ఎవరికి స్వర్గం, ఎవరికి నరకం అన్నది దేవుడు ముందే నిర్ణయించేశాడని వాళ్ల నమ్మకం. మన నుదుటి రాత లాంటిదే అనుకోవచ్చు. కానీ మనకు గ్రహం బాగోలేదంటే శాంతి ఉంది, మొక్కు ఉంది, తప్పు చేస్తే ప్రాయశ్చిత్తం ఉంది. వాళ్లకు అవేమీ లేవు. పాదిరి చెవిలో చెప్పుకుని బరువు దించుకునే క్యాథలిక్ పద్ధతిని కూడా వదిలేసుకున్నారు. ఇక మిగిలింది తన మనసును తనే రోజూ తవ్వి చూసుకోవడం, పక్కవాడి మీద ఓ కన్నేసి ఉంచడం. ఆవు చచ్చినా, పంట పోయినా, పిల్లకు మూర్ఛ వచ్చినా దేవుడు ఏదో చెబుతున్నాడన్నమాటే. అడవి సైతాను రాజ్యం. పాదిరి కాటన్ మాథర్ ఈ నేల ఒకప్పుడు సైతానుదేనని 1693లో పుస్తకమే వేశాడు.

ఇలాంటి మనసుకు దయ్యం అవసరం లేదు. 1835లో వచ్చిన హాథార్న్ కథ యంగ్ గుడ్‌మన్ బ్రౌన్‌లో కొత్తగా పెళ్లయిన కుర్రాడు ఒక రాత్రి అడవిలోకి వెళ్తాడు. తనకు చిన్నప్పుడు మతపాఠం నేర్పిన ముసలమ్మ, ఊరి పెద్దలు, చివరికి తన భార్య, అందరూ సైతాను కొలువులో కనిపిస్తారు. కలో నిజమో తెలియదు. తెల్లవారి ఊళ్లోకి వచ్చాక చచ్చేదాకా ఎవర్నీ నమ్మలేడు. ఆ కథలో పిశాచం ఎవరి మీదా పడదు. అనుమానమే పిశాచం. ఆ రోజుల్లోనే అచ్చయిన మినిస్టర్స్ బ్లాక్ వీల్‌లో ఒక పాదిరి ముఖానికి అడ్డంగా కట్టుకున్న నల్లగుడ్డ ముక్క ఒకటే ఊరంతటికీ వణుకు పుట్టిస్తుంది. ఆ గుడ్డ వెనక ఏముందో అని కాదు వాళ్ల బాధ, తమ గుండెలో ఏముందో పాదిరికి తెలిసిపోయిందేమోనని.

ఆ రాత్రి మా అల్లుడు ముచ్చటపడి ఇంకో టికెట్ కూడా కొన్నాడు, ఊళ్లో లాంతరు పట్టుకుని దయ్యాల చోట్లు చూపించే నడక. నడిపేవాళ్ల పేరు రాయను. డబ్బు పోయిందన్న బాధ కన్నా ఆ గైడ్ చెప్పిన అబద్ధం బాధ ఎక్కువ. "ఇక్కడే మంత్రగత్తెలను తగలబెట్టారు" అన్నాడు. సేలంలో ఎవర్నీ తగలబెట్టలేదు. పందొమ్మిది మందిని ఉరితీశారు, పద్నాలుగు మంది ఆడవాళ్లు, ఐదుగురు మగవాళ్లు. జైల్స్ కోరీ అనే ముసలి రైతు కోర్టు విచారణకు ఒప్పుకోలేదు. అతని ఛాతీ మీద రాళ్లు పేర్చి చంపారు. వాళ్లెవరూ మంత్రగత్తెలు కారు. స్పీకర్లో అరుపులూ, కేకలూ పెట్టి మాట సగం వినపడనివ్వలేదు. నాకు కుడి చెవికి మిషన్ ఉంది, ఆ గోలకు అది కీచుమని మొత్తుకుంటుంటే తీసి సంచీలో పెట్టుకున్నాను. అదే పగలు సెవెన్ గేబుల్స్‌లో గైడ్ నా మిషన్ గమనించి, ప్రతి గదిలోనూ నా వైపు తిరిగి, నిదానంగా మాట్లాడింది. నేను అడగలేదు. ఈ తేడా రాయడానికే సగం ఈ రివ్యూ మొదలుపెట్టాను.

గేబుల్స్ నుంచి పది, పదిహేను నిమిషాల నడకలో చార్టర్ స్ట్రీట్ శ్మశానం ఉంది. జాన్ హాథార్న్ సమాధి రాయి అక్కడే. శ్మశానాన్ని ఆనుకునే, చంపిన ఆ ఇరవై మంది పేరున 1992లో కట్టిన స్మారకం, దీనికి టికెట్ లేదు. రాతి గోడలోంచి ఇరవై గ్రానైట్ పలకలు బెంచీల్లా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక్కో పలక మీద ఒక పేరు, ఎలా చంపారు, తేదీ. అంతే. లోపలికి అడుగుపెట్టే చోట నేల మీది రాళ్లలో నిందితుల మాటలు చెక్కారు, నేను నిర్దోషినని దేవుడి సాక్షిగా చెప్పుకున్న మాటలు. వంగి చదువుకుంటూ వెళ్తే వాక్యం మధ్యలోనే గోడ వచ్చేస్తుంది. మిగిలిన మాట గోడ కింద ఉండిపోయింది. మా మనవరాలు మోకాళ్ల మీద కూర్చుని గోడ అంచున వేలు పెట్టి "మిగతాది ఏది అమ్మమ్మా?" అంది. వాళ్లను మాట పూర్తి చెయ్యనివ్వలేదమ్మా అన్నాను. కాసేపాగి "తరవాత సారీ చెప్పారా?" అని అడిగింది.

కొందరు చెప్పారు. జడ్జి శామ్యూల్ స్యూవల్ 1697 జనవరిలో బోస్టన్ చర్చిలో అందరి ముందూ లేచి నిలబడ్డాడు. తప్పు తనదని అతను రాసిచ్చిన కాగితాన్ని పాదిరి చదివి వినిపించాడు. చిన్నతనంలో ఎందరి మీదో నింద వేసిన ఆన్ పట్నమ్ 1706లో క్షమాపణ అడిగింది. జాన్ హాథార్న్ అడిగిన దాఖలా లేదు. శిక్ష పడినవాళ్లలో చివరగా మిగిలిన ఎలిజబెత్ జాన్సన్ పేరు మీది మచ్చ 2022లో తుడిచారు, అదీ నార్త్ ఆండోవర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు పట్టుబట్టడం వల్ల. ఆ మాట వినగానే మా పిల్ల ముఖం వెలిగింది. ఆరో తరగతి చదువుతోంది మరి!

హాథార్న్ తరవాత ఈ భయం ఆగిపోలేదు. ప్రావిడెన్స్‌లో పుట్టిన భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ దేవుణ్ణి నమ్మని మనిషి. అయినా ఆయన కల్పించిన ఆర్కమ్ అనే ఊరికి మూలం సేలమే. 1692లో సేలం జైలు నుంచి తప్పించుకున్న మంత్రగత్తె ఆయన కథలో అద్దె ఇంటి గోడల మూలల్లోంచి వస్తుంది. దేవుడు పోయాడు, పైనుంచి ఎవరో చూస్తున్నారన్న వణుకు మాత్రం పోలేదు. వెర్మాంట్‌లో ఉండిన షిర్లీ జాక్సన్ 1948లో రాసిన లాటరీ కథలో ఊరంతా నవ్వుతూ, కబుర్లాడుకుంటూ తమలో ఒకరి మీద రాళ్లు వేస్తారు. ఆమె పిల్లల కోసం సేలం కేసుల మీద పుస్తకం కూడా రాసింది. స్టీఫెన్ కింగ్ మెయిన్ రాష్ట్రంలో చిన్న ఊళ్లను తీసుకుని, ప్రతి తలుపు వెనకా ఒక రహస్యం పెడతాడు. వీళ్లలో నాకు జాక్సన్ అంటే ఎక్కువ ఇష్టం. ఆమె కథలో అడవి లేదు, రాత్రి లేదు. జూన్ నెల, పొద్దున పది, ఎండ.

ఆ ఎండ నాకు తెలుసు. మెదక్ వైపు మా అమ్మమ్మ ఊళ్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, రెండు ఎడ్లు వెంటవెంటనే చచ్చిపోతే ఒక వితంతువు చేతబడి చేసిందన్నారు. పట్టపగలు ఆమెను రచ్చకట్ట దగ్గరికి లాక్కొచ్చారు. లాక్కొచ్చినవాళ్లలో నాకు రోజూ రేగుపళ్లు ఇచ్చే మామయ్య ఉన్నాడు. మా అమ్మమ్మ నన్ను లోపలికి గుంజి తలుపు వేసింది. ఆ తరవాత ఏమైందో ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు, ఆ వీధి గుడిసె మాత్రం ఖాళీ అయింది. పాఠం చెప్పినన్నాళ్లూ బ్రౌన్ కథ దగ్గరికి వచ్చేసరికి నాకు ఆ రేగుపళ్లే గుర్తొచ్చేవి.

వెళ్లేవాళ్లకు ఇంకొన్ని మాటలు. గేబుల్స్ టికెట్ తీసుకున్నాక తొందరపడి వెనక్కి రాకండి. ఇంటి వెనక తోట సముద్రం ఒడ్డునే ఉంది, చలికాలమైనా ఒక పది నిమిషాలు కూర్చోండి. అదే ఆవరణలో ఎర్ర రంగు ఇల్లు ఒకటుంది, హాథార్న్ 1804లో పుట్టింది అందులోనే. దాన్ని 1958లో దగ్గర్లోని యూనియన్ స్ట్రీట్ నుంచి తరలించి ఇక్కడ పెట్టారు. తండ్రి ఓడ మీద వెళ్లి జ్వరంతో తిరిగి రాలేదు, అప్పటికి పిల్లవాడికి నాలుగేళ్లు కూడా నిండలేదు. కొంచెం నడిస్తే ఆయన ఉద్యోగం చేసిన కస్టమ్ హౌస్, కప్పు మీద బంగారు డేగ. 1849లో ప్రభుత్వం మారి ఆ ఉద్యోగం ఊడిపోవడం వల్లే స్కార్లెట్ లెటర్ రాయడానికి ఆయనకు తీరిక దొరికింది. పదేళ్ల లోపు పిల్లలకు ఈ పర్యటన బోరు కొట్టొచ్చు. నవల చదవకుండా వెళ్లినా నష్టం లేదు, హెప్జిబా కొట్టు గదిలో నిలబడ్డాక చదవాలనిపిస్తుంది. నా వరకు ఐదుకు ఐదు.

స్మారకంలో నేను ఎక్కువసేపు కూర్చున్నది రెబెకా నర్స్ పలక పక్కన. సారా గుడ్‌తో పాటు అదే రోజు ఉరితీశారు. జ్యూరీ మొదట ఆమె నిర్దోషి అంది. జనం గోల చేశారు, జడ్జీలు మళ్లీ ఆలోచించమన్నారు. జ్యూరీ పెద్ద ఆమెను ఒక మాట గురించి అడిగాడు, ఆమె బదులు పలకలేదు. ఆ మౌనాన్నే నేరంగా తీసుకుని దోషి అన్నారు. చెవులు సరిగా వినపడవనీ, దుఃఖంలో ఉన్నాననీ, ఆ ప్రశ్న తనకు అందలేదనీ ఆమె తరవాత రాసిచ్చుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆమెకు డెబ్భై ఒక్క ఏళ్లు. వచ్చే నెలకు నాకూ అంతే.

ఆమె ఇల్లు పక్క ఊరు డాన్వర్స్‌లో ఉంది, చలికాలం మూసేస్తారు. తెరవగానే వెళ్దామని అమ్మాయికి చెప్పి ఉంచాను. అందాకా నా వీసా ఉంటుంది.